కాస్ ప్లేటు నీలంగానే ఉండిపోతే

చిట్టితల్లీ,

బ్యాక్టీరియా సిడెరోఫోర్ (ఇనుమును పట్టి తెచ్చే చిన్న అణువు) వదిలితే నీలం నుంచి నారింజకి మారే కాస్ ప్లేటు మూడుసార్లు వేసినా రంగు మారలేదని, నీ బ్యాక్టీరియా పనికిరాదేమోనని తెగ టెన్షన్ పడుతున్నావట. దాన్ని తిట్టకు. విజయనగరంలో మన బోరు కింద బకెట్టుకు పట్టే ఎర్ర మడ్డి గుర్తుందా, అదంతా ఇనుమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాంటి నీళ్లతో ఫ్లాస్కులు కడిగి, చివర్లో కాస్త డిస్టిల్డ్ వాటర్ తిప్పేసి సరిపోయిందనుకున్నాను. వారం పాటు ప్లేట్లన్నీ నీలంగానే కూర్చున్నాయి.

ఎందుకో చెప్తా విను. మన ఒంట్లో 3-4 గ్రాముల ఇనుముంటుంది, కానీ మీ నాయనమ్మ చిల్లర కొంగున ముడేసుకున్నట్టు ఒళ్లు దాన్ని హిమోగ్లోబిన్‌లో, ఫెరిటిన్ అనే ప్రోటీన్‌లో దాచేస్తుంది, రక్తంలో తిరిగే కొంచెం ఇనుముని కూడా ట్రాన్స్‌ఫెరిన్ అనే మరో ప్రోటీన్ పట్టుకునే ఉంటుంది. ఇ.కోలై ఆ ముడి విప్పడానికే ఎంటెరోబాక్టిన్ అనే సిడెరోఫోర్‌ని బయటికి వదులుతుంది. దాన్ని పట్టేయడానికి మన ఒంట్లో లిపోకాలిన్ 2 అనే ప్రోటీన్ ఉంది, సాల్మొనెల్లా ఏమో తన ఎంటెరోబాక్టిన్‌కి గ్లూకోజు తగిలించి దానికి దొరక్కుండా పంపిస్తుంది (గడుసుది!). స్టాఫ్ ఆరియస్ అయితే ఏకంగా ఎర్రరక్తకణాల్నే పగలగొట్టి హిమోగ్లోబిన్‌లోంచి హీమ్ (ఇనుమున్న ముక్క) లాక్కుంటుంది. ఈ తిప్పలన్నీ ఆకలేస్తేనే. ఇనుము చేతికందితే ఇ.కోలైలో ఫర్ అనే ప్రోటీన్ సిడెరోఫోర్ తయారుచేసే జన్యువుల్ని మూసేస్తుంది, ఇక సిడెరోఫోర్ ఎందుకు చేస్తుంది?

అందుకని గ్లాసువేరు రాత్రంతా 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టి, పొద్దున్న డీఅయొనైజ్డ్ నీళ్లతో విసుగొచ్చేదాకా కడుగు. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు, గ్లౌజులు మర్చిపోకు. స్టీలు చెంచా పక్కన పెట్టి ప్లాస్టిక్‌ది వాడు. న్యూట్రియంట్ బ్రాత్‌లో పెంచిన కల్చర్ తెచ్చి నేరుగా చుక్క పెట్టేస్తున్నావు కదూ? బ్రాత్‌తో పాటు ఇనుమూ వచ్చేస్తుంది, సెంట్రిఫ్యూజ్ చేసి సెలైన్‌తో రెండుసార్లు కడిగి వెయ్యి. పీహెచ్ 6.8 దగ్గర ఉందో లేదో చూసుకో, అగర్ కాస్త చల్లారాక నీలం రంగుని ఫ్లాస్కు గోడ వెంబడి నెమ్మదిగా పొయ్యి, నురగ రాకూడదు.

స్టాఫ్ మీద ఇదే ప్లేటు వాడితే మాత్రం అసలు పెరగకపోవచ్చు, అందులోని హెచ్‌డీటీఎంఏ అనే డిటర్జెంటు స్టాఫ్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకి పడదు. దాన్ని విడిగా ద్రవంలో పెంచి, పైన తేరిన దాన్ని కాస్ ద్రావణంతో పరీక్షించు.

ముందు ఖాళీ ప్లేటు మీద ఒక్క చుక్క ఈడీటీఏ (ఇనుమును పట్టేసే రసాయనం) వేసి చూడు. నారింజ చుట్టు వచ్చిందా, రంగు బాగానే ఉంది, తప్పు వేరే చోట వెతకాలి. ఫొటో తెల్ల కాగితం మీద పెట్టి తియ్యి, మొన్న పంపినదాంట్లో నీ బల్ల తప్ప నాకేమీ కనబడలేదు.

పెదనాన్న