కింద పడిన ఖరీదైన వైర్‌లెస్ స్పీకర్‌ని ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

శుభ్రంగా చేసుకోవచ్చు. ముప్పై వేల స్పీకర్ బల్ల మీంచి పడింది, మోగుతోంది గానీ సౌండ్ పెంచితే గరగరమంటోంది, సర్వీస్ సెంటర్‌లో కుదరదన్నారు, ఇంట్లో విప్పొచ్చా అని కదా మీరు అడిగింది. విప్పండి. వాళ్లు ఎలాగూ చెయ్యరు, వారంటీ ఎలాగూ పోయింది, ఇంకా దేనికి భయం? నేనేమీ ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాదు, లెక్కలు రాసుకునే ఉద్యోగం. కాకపోతే చెన్నై వచ్చిన దగ్గర్నుంచి, ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌లో ఊరికే తిరగడం అలవాటైపోయింది. ఆ ధైర్యంతో చెబుతున్నాను: కింద పడిన స్పీకర్‌లో చాలాసార్లు అసలు స్పీకర్‌కి ఏమీ అవ్వదు, దాని పెట్టెకి అవుతుంది.

మా అక్కావాళ్లది వేళచ్చేరి. బావకి పాటలంటే ప్రాణం. బోనస్ బాగా వచ్చిన ఏడాది ఒక పెద్ద కంపెనీ స్పీకర్ కొన్నాడు. కంపెనీ పేరెందుకులెండి. హాల్లో షోకేసు మీద ఉండాల్సిన దాన్ని అక్క ఆదివారం వంట చేసుకునేటప్పుడు వంటగట్టు మీదికి తెచ్చుకునేది. నున్నటి గ్రానైట్. ఈ స్పీకర్లకి రెండు పక్కలా ఉండే గుండ్రటి పలకలు బేస్ వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడుతుంటాయి చూశారా, ఆ అదురుకి డబ్బా కొద్దికొద్దిగా జరుగుతుంది. ఏదో డప్పు పాట నడుస్తుండగా అది గట్టు చివరిదాకా వెళ్లి, మూల తగిలేలా టైల్స్ మీద పడింది. ఎవరూ తొయ్యలేదు. అక్క ఇవాళ్టికీ దేవుడి మీద ఒట్టేసి చెబుతుంది, బావ ఇవాళ్టికీ నమ్మడు.

సర్వీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గరి అబ్బాయి దాన్ని ఆన్ కూడా చెయ్యలేదు. మూల దగ్గర గీత చూసి "ఫిజికల్ డ్యామేజ్ సార్" అన్నాడు. విప్పి చూస్తారా అంటే విప్పరట, విడిభాగాలు రావట, పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తారట. చూడకుండానే చచ్చిపోయిందని రాసిచ్చే డాక్టర్ని నేను అక్కడే చూశాను. బావ ముఖం వేలాడేసుకుని ఇంటికి తెచ్చాడు. ఇక సలహాల వాన. పక్కింటాయన కోన్, అంటే అదిరి శబ్దం చేసే గరాటులాంటి పొర, చిరిగిందన్నాడు, మేనల్లుడు బ్లూటూత్ పోయిందన్నాడు. బ్లూటూత్ పోతే పాటే రాదురా నాయనా, గరగర ఎందుకొస్తుంది?

నేను మొదట చేసింది విప్పడం కాదు, వినడం. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌లు ఊరికే దొరుకుతాయి. మనం చెప్పిన ఒకే స్వరాన్ని మోగిస్తాయి. తక్కువ సౌండ్‌లో పెట్టి 40 హెర్ట్జ్ నుంచి (సెకనుకి 40 అదురులు, అంటే బాగా కింది బేస్) నెమ్మదిగా పైకి జరుపుతూ వెళ్లాను. 90 దాటాక నిక్షేపంగా ఉంది. కిందికి వస్తే మాత్రం రెండు రకాల చప్పుళ్లు, ఒకటి టకటకమని, ఇంకోటి ఉఫ్ ఉఫ్‌మని ఎవరో ఊదుతున్నట్టు. ఈ రెండోది వినగానే నాకు సగం అర్థమైపోయింది. ముందు జాలీ తీసి కోన్‌ని రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి చూశాను. కోన్ వెనక దాన్ని కదిపే తీగచుట్ట, అదే కాయిల్, వంకరపోతే గీరుకుంటున్నట్టు వేలికి తెలుస్తుంది. ఏమీ లేదు, మెత్తగా వెళ్లి వచ్చింది. అంటే కోన్, కాయిల్ రెండూ క్షేమం. ఈ పరీక్షకి డిగ్రీ అక్కర్లేదు, ఆ కౌంటర్ అబ్బాయికి అర నిమిషం కూడా పట్టేది కాదు.

పక్కల ఉండే ఆ పలకల్ని పాసివ్ రేడియేటర్ అంటారు. వాటికి కాయిల్ ఉండదు, వైరు ఉండదు. లోపల స్పీకర్ కదిలినప్పుడు పెట్టెలోని గాలి ఒత్తిడికే అవి ఆడతాయి, బరువైన బేస్ వచ్చేది వాటినుంచే. కాబట్టి పెట్టెలో గాలి బయటికి పోకూడదు. ఎక్కడైనా సన్నగా పగిలిందా, బెల్లోస్ చిల్లుపడ్డ హార్మోనియం గతే. ఇది పట్టుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఒక పక్క పలకని నెమ్మదిగా లోపలికి నొక్కితే రెండో పలక బయటికి ఉబ్బాలి, నొక్కి ఉంచినంతసేపూ దాదాపు అలాగే నిలబడాలి. బావ స్పీకర్‌లో ఉబ్బినట్టే ఉబ్బి వెంటనే జారిపోయింది. గాలి ఎక్కడినుంచో కారుతోంది.

ఎక్కడినుంచో తెలియాలంటే అగరబత్తి కావాలి. నిజంగానే. ఫ్యాన్ ఆపేసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, వెలిగించిన అగరబత్తిని అతుకుల వెంబడి తిప్పాలి. మే నెల, వేళచ్చేరి, ఫ్యాన్ లేదు, తలుపులు వేసి ఉన్నాయి. నుదుటి చెమట స్పీకర్ మీద పడకుండా భుజం మీద తువ్వాలు. "పూజగదిలోది ఎందుకు తీశావురా, అడిగితే వేరేది ఇచ్చేదాన్నిగా" అని అక్క ఒకపక్క. పొగ నిటారుగా లేస్తూ లేస్తూ, దెబ్బ తగిలిన మూలకి రెండంగుళాల దూరంలో, అతుకు దగ్గర ఉన్నట్టుండి తునకలు తునకలుగా తెగిపోయింది. టోన్ ఆపితే మళ్లీ నిటారు. పెడితే మళ్లీ తునకలు. బావ నా పక్కనే కూర్చుని ఆ పొగని చూస్తూ "ఇదా!" అన్నాడు. గోరు పెట్టి చూస్తే తప్ప తెలియని చీలిక.

ఇక విప్పడం. అసలు యుద్ధం ఇక్కడే. అడుగున రబ్బరు పాదాల కింద స్క్రూలు, ఆరు మూలల నక్షత్రం తలవి, టీ8 బిట్ కావాలి. అన్నీ తీసినా రాలేదంటే సీరియల్ నంబర్ లేబుల్ కింద ఇంకోటి ఉంటుంది, వెతకండి. దాని తర్వాత జిగురు. హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం కొంచెంగా వేడి చేస్తూ గిటార్ మీటే ప్లాస్టిక్ ముక్కతో లేపాలి. లోపల లిథియం బ్యాటరీ ఉందన్న సంగతి మర్చిపోకూడదు, చేత్తో ముట్టుకోలేనంత వేడి వద్దు. మూత వేలెడు పైకి రాగానే టార్చి వేసి చూడాలి, ఎందుకంటే లోపలి రిబ్బన్ కేబుల్‌ని బెత్తెడు కూడా ఉంచరు. ఒక్క లాగు లాగితే బటన్ల బోర్డు కథ ముగుస్తుంది.

ఈ జిగురు గురించి నాకు చాలా కోపం ఉంది. నీళ్లు పోకుండా అంటించామంటారు. మరి చేతి గడియారాలు? రబ్బరు రింగు వేసి స్క్రూలు బిగించినవి నీళ్లలో మునిగినా ఆగడం లేదా? జిగురు నీళ్లని ఆపడానికి కాదు, మనల్ని ఆపడానికి. బ్యాటరీ మూడు నాలుగేళ్లకి నీరసించే వస్తువని వాళ్లకి తెలియదా? మన దగ్గర 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఒక పోర్టల్ కూడా పెట్టింది. మంచిదే, కానీ దాన్ని చూసి ఆ కౌంటర్ అబ్బాయి స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడని నేను అనుకోను. యూరప్ యూనియన్‌లో 2023లో చట్టం చేశారు, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న వస్తువుల్లో బ్యాటరీని వాడుకునేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని. ప్రధానంగా తడిలో వాడే వస్తువులకి అందులో కొంత సడలింపు ఉంది. ఇక చూడండి, ప్రతి స్పీకర్ డబ్బా మీదా స్విమ్మింగ్ పూల్ బొమ్మే ఉంటుంది.

సరే, లోపల సంగతి. టకటక చప్పుడికి కారణం మూత తీయగానే కనిపించింది. బ్యాటరీని పట్టి ఉంచే స్క్రూ దిగే ప్లాస్టిక్ గుబ్బ విరిగిపోయి, బ్యాటరీ వదులై గోడకి కొట్టుకుంటోంది. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేశాను, అది పీకకుండా దేన్నీ ముట్టుకోకూడదు. కాయిల్ తెగలేదు కదా అని స్పీకర్ వైర్లు కూడా ఊడదీసి మల్టీమీటర్ పెడితే 3.4 ఓమ్‌లు చూపించింది. 4 ఓమ్‌ల స్పీకర్‌కి మీటర్ ఆ మాత్రం తక్కువే చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. చీలికకి లోపలివైపు గరుకు కాగితం రుద్ది, రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ పూశాను. గుబ్బనీ దానితోనే నిలబెట్టాను. రాత్రంతా కదపలేదు. మూత అంచున చిరిగిన పాత ఫోమ్ బదులు ఏసీ మెకానిక్‌లు వాడే సన్న నల్ల ఫోమ్ టేపు వేశాను. బాత్‌రూమ్ అంచులకి పూసే సిలికాన్ ఉంటుంది కదా, వెనిగర్ వాసన కొట్టేది, దాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆరేటప్పుడు వచ్చే ఆ పులుపు ఆవిరి రాగిని తినేస్తుంది, బోర్డు పచ్చబడుతుంది.

విప్పాం కదా అని బ్యాటరీ కూడా మార్చేశాం. 18650 అనే సైజు సెల్స్ రెండు, వరసగా కలిపి 7.4 వోల్టులు. రిచీ స్ట్రీట్‌లో మొదటి దుకాణంలోనే 9900 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) అని రాసున్న సెల్స్ చూపించారు. బావ కళ్లు మెరిశాయి. ఆ సైజులో మంచి కంపెనీ సెల్‌కే 3500 చుట్టుపక్కల ఉంటుంది, 9900 అన్నది శుద్ధ అబద్ధం. నేనైతే జేబులో చిన్న త్రాసు పెట్టుకునే వెళ్తాను. అసలైన సెల్ 45 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది, దొంగది తేలిపోతుంది. త్రాసు తీయగానే ఆ దుకాణాయన "అన్నా, మీకు వేరేది ఇస్తా" అని తెలుగులోకి దిగి లోపలినుంచి ఇంకో పెట్టె తెచ్చాడు. సెల్స్‌కి నేరుగా సోల్డరింగ్ పెట్టొద్దు, ఆ వేడికి లోపల పాడవుతుంది. నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేసేవాళ్లు అదే వీధిలో ఉన్నారు, వాళ్ల చేతే చేయించండి. పాత ప్యాక్ మీది చిన్న రక్షణ సర్క్యూట్‌నీ, వేడిని చూసే అదనపు వైరునీ అలాగే కొత్తదానికి మార్పించాలి. పాతది కుప్పతొట్టిలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి. ఉబ్బి ఉంటే మాత్రం గుచ్చకండి, వంచకండి, ఇంట్లో పెట్టుకోకండి.

మూత మూశాక మళ్లీ పలక నొక్కి చూశాం. రెండోది ఉబ్బి నిలబడింది. పాట పెడితే బేస్ దిగింది, అదీ వంటగట్టు మీద కాదు, చాప మీద. ముందుకన్నా బాగుందంటాడు బావ. అది చెవి మాట కాదు, సామాన్లకి రెండు వేలు కూడా కాలేదన్న సంతోషం మాట. పోయిందల్లా నీళ్లని తట్టుకునే గుణం. డబ్బా మీద రాసే ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట అని చెబుతారు, ఒకసారి విప్పిన పెట్టెకి ఆ లెక్క వర్తించదు. వానలో మేడ మీదికి తీసుకెళ్లొద్దని చెప్పాను.

నీళ్లు అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి వేళచ్చేరి మునిగినప్పుడు, అక్కావాళ్ల కింద వాటాలో ఉండేవాళ్లు తడిసిన స్పీకర్‌ని బియ్యం డబ్బాలో పెట్టారు. బియ్యం పెద్దగా ఏమీ పీల్చదండీ, ఆ బియ్యాన్ని వండుకోవడమే ఉత్తమం. బ్యాటరీ పీకి, బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెడితేనే బతికే అవకాశం ఉంటుంది, అదీ తడిసిన వెంటనే చేస్తేనే.

మీ విషయానికొస్తే, విప్పేముందు రెండు సంగతులు చూసుకోండి. గరగర తక్కువ బేస్‌కే వస్తే పెట్టెనే అనుమానించండి. అన్ని సౌండ్లకీ వస్తుంటే కోన్‌నో కాయిల్‌నో. సౌండ్ పెంచగానే మొత్తం ఆగిపోయి, ఛార్జర్ పెడితే బాగా మోగితే బ్యాటరీయే. ఇక మీది బ్యాటరీ లేకుండా నేరుగా గోడ ప్లగ్గుతో నడిచే రకమైతే నేను చెప్పినవన్నీ బయటినుంచి చేసుకోండి, పెట్టె మాత్రం విప్పకండి. దాని పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ ఒకటి 325 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది, ప్లగ్గు తీశాక కూడా. అలాంటిదాన్ని పాత టీవీలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి.