క్రెడిబిలిటీకి ఒక్క మాట చాలదు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. నీ తెలుగుకు మంచి నడక ఉందమ్మా. కానీ మూలంలో క్రెడిబుల్, క్రెడిబిలిటీ ఎక్కడ కనబడినా కళ్లు మూసుకుని ‘విశ్వసనీయత’ పెట్టేశావు. నిఘంటువులో ఉన్న అర్థమే, తప్పనడానికి లేదు. అయినా ఆ మాట వచ్చిన ప్రతిచోటా పంటి కింద రాయిలా తగిలింది. ఎందుకో చెబుదామనే ఈ ఉత్తరం.

పత్రికలో చేరిన కొత్తల్లో నేనూ ఇదే తప్పు చేశాను. రైల్వే స్టేషన్లో బాంబు పెట్టామంటూ ఎవరో ఫోన్ చేసిన వార్త. ఏజెన్సీ కాపీలో ‘క్రెడిబుల్ థ్రెట్’ అని ఉంది. ‘విశ్వసనీయమైన బెదిరింపు’ అని రాసిచ్చాను. డెస్కులో పెద్దాయన ఆ రెండు మాటల కింద ఎర్రసిరాతో గీత గీసి, కాగితం నా ముందు పెట్టి, ‘ఇక్కడ ఎవరు ఎవర్ని నమ్మాలి?’ అని అడిగారు. నాకు జవాబు తట్టలేదు. ఆయనే దిద్ది ‘కొట్టిపారేయలేని బెదిరింపు’ అని రాశారు. ఆ ప్రశ్న ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

క్రెడిబుల్ అన్నది చెప్పేవాడి మంచితనానికిచ్చే కితాబు కాదు. వినేవాడి మనసులో జరిగే సంగతి. ఆ ఫోన్ చేసినవాడు దుర్మార్గుడే. కానీ అన్నంత పనీ చేస్తాడని పోలీసులకు అనిపించింది, అంతే. మన దేశం 2003లో ప్రకటించిన అణు విధానంలో ‘క్రెడిబుల్ మినిమమ్ డిటరెన్స్’, అంటే శత్రువును వెనకాడించేంత కనీస అణుబలం, అన్నదీ ఈ లెక్కే. అక్కడ నమ్మాల్సింది మనం కాదు, శత్రువు. మన ‘విశ్వసనీయత’లో అలా కాదు, మంచితనం కలిసిపోయి ఉంటుంది. విశ్వాసం అనగానే ఉప్పు తిన్నవాడి కృతజ్ఞత, దేవుడి మీద గురి గుర్తొస్తాయి. ఇంగ్లిష్ మాటకు అంత బరువు లేదు.

క్రెడెరె అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది ఆ మాట. నమ్మడమని అర్థం. క్రెడిట్ కూడా ఆ ఇంటి పిల్లే. తిరిగి వస్తుందని నమ్మితేనే కదా ఎవరైనా అప్పిచ్చేది! 2024 దాకా అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం తీసి చూడు. సాక్షి మాట నమ్మదగింది కాదని నిరూపించే పద్ధతి చెప్పే 155వ సెక్షన్‌కు ‘ఇంపీచింగ్ క్రెడిట్ ఆఫ్ విట్‌నెస్’ అని పేరు. ఇవాళ మనం క్రెడిబిలిటీ అనే చోట ఆనాడు క్రెడిట్ అన్నారు. మనకూ ఇలాంటి మాట ఒకటుంది. పరపతి. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. ‘ఆయనకు ఊళ్లో పరపతి ఉంది’ అన్నప్పుడు పలుకుబడి. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది.

మా ఊరి పరపతి సంఘంలో ఎరువుల అప్పు కావాలంటే ఒకరు హామీ సంతకం పెట్టాలి. మా నాన్నకున్నది మూడెకరాలే అయినా చాలామంది ఆయన దగ్గరికే వచ్చేవారు. పెన్ను మూత పళ్ల మధ్య పట్టుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసేవాడు. గుమస్తా ఆ పేరు చూసి మారుమాట లేకుండా చీటీ రాసిచ్చేవాడు. ఒక ఏడు నాన్న హామీ ఉన్న ఒకాయన అప్పు ఎగ్గొట్టి ఊరు వదిలి పోయాడు. మరుసటి ఏడు గుమస్తా ఆ సంతకం చూసి, తలెత్తి, ‘ఇంకొకరి చేత కూడా పెట్టించుకు రండి’ అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చీకటి పడేదాకా అరుగు మీద కూర్చుండిపోయాడు.

నాన్న నిజాయితీలో వీసమెత్తు తేడా రాలేదు. గుమస్తా చూపు మారింది. ‘లాస్ట్ క్రెడిబిలిటీ’, అంటే ఆ నమ్మకం పోగొట్టుకున్నారని చదివినప్పుడల్లా నాకు ఆ అరుగు కనబడుతుంది. ‘లెండ్ క్రెడిబిలిటీ’ అంటే ఆ సంతకం. ఇంగ్లిష్‌లో ఈ మాట పక్కన వచ్చే క్రియలు చూడు. సంపాదిస్తారు, పోగొట్టుకుంటారు, ఇంకొకరికి అరువిస్తారు, దెబ్బతీస్తారు. నామవాచకాన్ని వదిలేసి ఆ క్రియను పట్టుకుంటే తెలుగు దానంతటదే వస్తుంది. ‘ఆవిడ పేరు చూశాక నివేదికకు విలువొచ్చింది.’ ‘ఇక ఆయన చెబితే వినేవాళ్లు లేరు.’ వీటిలో విశ్వసనీయత అన్న మాటే లేదు, అయినా ఏం లోటొచ్చింది?

ఇక నీ అనువాదంలో, కొడుకును వియత్నాం యుద్ధంలో పోగొట్టుకున్న ఆ తల్లి. ఆమె ‘క్రెడిబిలిటీ గ్యాప్’ అంటే నువ్వు ‘విశ్వసనీయత అంతరం’ అని రాశావు. ఏ తల్లి నోటా రాని మాట అది. 1960లలో అమెరికాలో ‘క్రెడిబిలిటీ గ్యాప్’ ఇంటింటి మాట. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వం యుద్ధం బాగా సాగుతోందని చెబుతూ వచ్చింది. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో సాయంత్రం పూట సైన్యం పెట్టే విలేకరుల సమావేశాలకు విలేకరులే ‘ఫైవ్ ఓ క్లాక్ ఫాలీస్’, అంటే ఐదు గంటల ప్రహసనాలని పేరు పెట్టారు. 1968 జనవరి ఆఖరున, టెట్ అనే వియత్నాం కొత్త సంవత్సరపు పండుగ రోజుల్లో, దక్షిణ వియత్నాం పట్టణాల మీద ఒక్కసారిగా దాడులు జరిగాయి. సైగాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే కమ్యూనిస్టు గెరిల్లాలు చొరబడ్డారు. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. ఆ గ్యాప్ అంటే పైవాళ్లు చెప్పేదానికీ అక్కడ జరిగేదానికీ మధ్య దూరం. ఆ దూరంలోనే ఆమె కొడుకు పోయాడు. ‘వాళ్లు చెప్పేదానికీ మా వాడు రాసే ఉత్తరాలకీ పొంతనే లేదు’ అని ఆమె చేత అనిపించి చూడు.

చిన్నవి ఇంకో రెండున్నాయి. క్రెడ్యులస్ అంటే నమ్మదగినవాడు కాదు, ఏది చెప్పినా నమ్మేసేవాడు. ఆరో పేజీలో తారుమారైంది. ‘స్ట్రీట్ క్రెడ్’ను ‘వీధి విశ్వసనీయత’ అన్నావు. కథలోని ఆ కుర్రాడి గురించి వీధిలో వాళ్లంతా అనుకునేది ‘వీడు మనవాడే, మన కష్టాలు పడ్డవాడే’ అని. అదే రాయి.

కోర్టు ఘట్టంలో ‘నమ్మదగిన సాక్షి’ అన్నది మాత్రం కదపకు, అక్కడ అదే సరైన మాట. మిగతావి దిద్దడానికి ఎన్నాళ్లయినా తీసుకో. ఆ తల్లి మాట్లాడే పేజీ ఒక్కటి ముందుగా పంపు, దానికోసం ఎదురుచూస్తుంటాను.