ఏ ఏడు ఏం జరిగిందో గుర్తుండాలంటే ఏం చేయాలి, మాస్టారూ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హిస్టరీ గురించే ఉన్నాయి. పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి కాబోలు. అందులోంచి మూడు తీసుకున్నాను. మొదటిదానికి కాస్త పెద్ద జవాబే రాశాను, ఎందుకంటే అలాంటి ఉత్తరమే ముప్ఫయ్యేళ్లుగా ఏదో ఒక పిల్ల, ఏదో ఒక పిల్లాడు నాకు రాస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మాస్టారూ, మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. పదో తరగతి చదువుతున్నాను. లెక్కలు, సైన్సు బాగానే వస్తాయి. సోషల్లో జాగ్రఫీ కూడా ఫర్వాలేదు. హిస్టరీ దగ్గరికొచ్చేసరికి తేదీలన్నీ కలిసిపోతున్నాయి. రాత్రి బట్టీ పట్టింది తెల్లారేసరికి ఉండదు. మొన్న పరీక్షలో చౌరీచౌరా 1930లో, దండి యాత్ర 1922లో జరిగాయని రాసొచ్చాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తల్లీ, నీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. రెండు ఏళ్లూ నీకు గుర్తున్నాయి కదా, తారుమారయ్యాయంతే. మనకి సంబంధం లేని రెండు ఫోన్ నంబర్లు కలిసిపోయినట్టు కలిసిపోయాయి. ఆ ఏడాదిలో ఎవరికి ఏం కష్టం వచ్చింది, ఆ కష్టానికి వాళ్లు ఏం చేశారు, ఆ తర్వాత ఏమైంది అన్నది తెలియకుండా వట్టి అంకె పట్టుకుంటే ఎవరికీ నిలవదు, నాకూ నిలవదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ పిల్లలకి బోర్డు మీద తేదీల పట్టీ రాసి ఇచ్చి అప్పజెప్పించుకునేవాణ్ణి. అది తప్పని తెలియడానికి నాకు నాలుగైదేళ్లు పట్టింది, ఆ ఏళ్లలో చదివిన పిల్లల విషయంలో ఇప్పటికీ బాధపడతాను.

మీ పక్కనే ఉన్న చీరాల సంగతి తీసుకుందాం. 1919లో చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేశారు. చేసి పన్ను పెంచారు. ఏడాదికి నాలుగు వేల రూపాయలు కట్టే ఊరు నలభై వేలు కట్టాల్సి వచ్చింది. అక్కడ ఎక్కువమంది మగ్గం మీద బతికేవాళ్లు, చిన్న చిన్న రైతులు. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో, పాత పద్ధతే ఉంచండి అని అర్జీలు పెట్టుకున్నా మద్రాసు ప్రభుత్వం వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది, అది అయ్యాక గాంధీజీ చీరాల కూడా వచ్చారు. హింస లేకుండా పన్ను కట్టడం మానేయడమో, ఊరే ఖాళీ చేయడమో, ఏదో ఒకటి చేయొచ్చన్నారు. జనం రెండోదే చేశారు. మునిసిపాలిటీ హద్దు దాటి పోతే ఇక పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? హద్దు అవతల గుడిసెలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. పసిపిల్లలు, ముసలివాళ్లు, మగ్గాలు అన్నీ ఆ గుడిసెల్లోనే. ఒక్క నిమిషం పుస్తకం మూసి, మీ వీధి వీధంతా సామాను సర్దుకుని వెళ్లిపోతున్నట్టు ఊహించుకో.

ఇప్పుడు చెప్పు, చీరాల-పేరాల ఏ ఏడు? 1921 అని నువ్వే అంటావు, ఎందుకంటే గాంధీజీ బెజవాడ వచ్చిన ఏడు అది, సహాయ నిరాకరణ జోరుగా నడుస్తున్న ఏడు అది.

దాని పక్కన చౌరీచౌరా పెట్టు. 1922 ఫిబ్రవరిలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊళ్లో పోలీసులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు, కోపం పట్టలేని జనం పోలీస్ స్టేషన్‌కి నిప్పు పెట్టారు, లోపలున్న పోలీసులు చనిపోయారు. గాంధీజీ ఉద్యమం మొత్తం ఆపేశారు. ఆపాలంటే ముందు ఉద్యమం నడుస్తూ ఉండాలి కదా. కాబట్టి చౌరీచౌరా 1921 తర్వాతే రావాలి, అదీ వెంటనే రావాలి. 1930కి ఎలా పోతుంది? ఇలా ఒకదాని చెయ్యి ఇంకోటి పట్టుకుని నడిస్తే నువ్వు తప్పు రాయాలన్నా రాయలేవు.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. అంటే గాంధీజీ ఉద్యమం ఆపేసిన ఆరు నెలలకి మన్యంలో పోరాటం మొదలైంది! క్లాసులో ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి ఏమీ మాట్లాడకుండా నిలబడేవాణ్ణి. కాసేపటికి ఎవరో ఒకరు లేచి, "అదేంటి మాస్టారూ, అప్పటికే ఆపేశారుగా?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న పుట్టిందంటే పాఠం వచ్చేసినట్టే. ఎందుకంటే అప్పుడు కారణం వెతుకుతాం. పోడు చేసుకోనివ్వని అడవి చట్టాలు, కూలి సరిగా ఇవ్వకుండా ఘాట్ రోడ్ల పనికి తోలడం, ఇవి ఉద్యమం ఆపుతున్నామని కాంగ్రెస్ బార్డోలీలో తీర్మానం చేసినంత మాత్రాన ఆగలేదు. రాజు ఖద్దరు కట్టమన్నాడు, కల్లు సారా మానమన్నాడు, గాంధీజీ అంటే గౌరవం ఉంది, అయినా తుపాకీ పట్టాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపేదాకా ఆ పోరాటం నడిచింది. ఆ ఆరు నెలల తేడా చూడకపోతే ఇదంతా మనకి కనపడేది కాదు. తేదీ అంటే పిల్లల్ని ఏడిపించడానికి పెట్టిందని ఎవరైనా అంటే నమ్మకు.

ఇక చేయాల్సిన పని. పాత నోట్‌బుక్ అట్టలు కత్తిరించి చీటీలు చేసుకో. ఒక్కో చీటీ మీద ఒక్క సంఘటన, దాని కింద "ఎవరి కష్టం? ఏం చేశారు?" అన్నదానికి రెండు ముక్కలు. ఏడు మాత్రం చీటీ వెనకాల రాయి. చీటీలన్నీ కలిపేసి, ఏళ్లు చూడకుండా వరసలో పెట్టు. వరస కుదిరాక తిప్పి చూసుకో. ఎక్కడ తప్పిందో అక్కడే పాఠంలో నీకు ఏదో అర్థం కాలేదన్నమాట, ఆ పేజీ ఒక్కటే మళ్లీ చదువు. రోజూ పది నిమిషాలు చాలు.

మీ నాయనమ్మ ఉంటే ఆవిడ ఏళ్లు ఎలా చెబుతారో గమనించు. "ఉప్పెన వచ్చిన ఏడు మీ నాన్న పుట్టాడు" అంటారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మీ బాపట్ల వైపు వాళ్లు కూడా మర్చిపోలేదు. అంకె చెప్పకుండానే యాభై ఏళ్ల సంసారాన్ని వరసలో పెట్టి చెప్పగలరు. నువ్వూ ఆ ఉప్పెనకి ఒక చీటీ కట్టు. అదే ఏడాది మార్చిలో ఎన్నికలు జరిగి ఇందిరాగాంధీ ఓడిపోయారు, ఎమర్జెన్సీ ముగిసింది. ఇక ఆ ఏడు నిన్ను వదలదు.

ప్రశ్న: ఒక గైడులో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించింది 1930 ఏప్రిల్ 5 అని, ఇంకోదాంట్లో 6 అని ఉంది. ఏది రాయాలి? – తొమ్మిదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: 6 రాయి బాబూ. మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయల్దేరారు, ఏప్రిల్ 5న దండి చేరారు, మర్నాడు పొద్దున్న ఉప్పు చేత పట్టారు. మొదటి గైడు వాళ్లు చేరిన రోజునీ, చట్టం మీరిన రోజునీ ఒకటి చేసేశారు. అసలు అంత నడక నడిచి ఉప్పే ఎందుకు పట్టుకున్నారో కూడా ఒక వాక్యం రాయి. కూలివాడి గంజిలోనూ జమీందారు పప్పులోనూ పడేది అదొక్కటే, దాని మీద పన్ను వేస్తే ఇద్దరూ కట్టాల్సిందే, పైగా సముద్రం ఒడ్డున ఉండి కూడా సొంతంగా చేసుకోకూడదు. మీ దగ్గర చినగంజాం ఉప్పు కొటార్లు ఎప్పుడైనా చూశావా? ఎండలో ఆ తెల్లటి కుప్పల పక్కన నిలబడి, ఇందులోంచి గుప్పెడు తీసుకుంటే జైలు అని అనుకుని చూడు.

ప్రశ్న: మాది నల్లగొండ. మా అబ్బాయి పదో తరగతి. ఇంటర్‌లో హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటా అంటున్నడు. చుట్టాలంతా ఎంపీసీ వేయమంటున్నరు. ఎప్పుడు చూసినా మా అమ్మ పక్కన కూర్చుని రజాకార్ల ముచ్చట్లు అడుగుతుంటడు. అమ్మకు తొంభై దాటినయి. హిస్టరీ చదివితే ఏమొస్తది సార్?

జవాబు: అన్నా, సూటిగానే చెబుతాను. ఎంపీసీ చదివి ఇంజినీరింగ్ అయినవాళ్లలా నాలుగేళ్లకే ఉద్యోగం అని హెచ్‌ఈసీకి ఎవరూ హామీ ఇవ్వలేరు. బీఏ, బీఈడీ చేస్తే బళ్లో సోషల్ టీచర్ కావచ్చు, కానీ డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. ఎంఏ చేసి నెట్ రాస్తే లెక్చరర్ దారి ఉంది. లా ఉంది. గ్రూప్స్ రాసేవాళ్లకి హిస్టరీ ఎలాగూ చదవక తప్పదు. పురావస్తు శాఖ, మ్యూజియంలు ఉన్నాయి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడ మొగలుల కాలం నుంచి నిజాం కాలం దాకా ఫారసీ, ఉర్దూ కాగితాలు ఉన్నాయి, ఉర్దూ నేర్చుకుంటే ఆ దారి కూడా తెరుచుకుంటుంది. చేర్చే ముందు మాత్రం ఆ కాలేజీలో హిస్టరీకి లెక్చరర్ ఉన్నారా లేదా వెళ్లి కనుక్కోండి, బోర్డు మీద గ్రూపు పేరు ఉండి చెప్పేవాళ్లు లేని కాలేజీలు చాలా ఉన్నాయి.

కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది మీ అమ్మగారి సంగతి. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయేనాటికి, అది అప్పట్లో మీ నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఆవిడ పదేళ్ల పిల్ల అయి ఉంటారు. నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన 1948 సెప్టెంబరు 17 నాటికి మరో రెండేళ్లు. అంత వయసు పిల్లకి అన్నీ గుర్తుంటాయి. వెట్టికి ఎవరిని పిలిచేవాళ్లు, రాత్రిళ్లు ఎక్కడ దాక్కున్నారు, ఏం తిన్నారు, ఇవి మీ అబ్బాయి పాఠంలో దొరకవు. గ్రూపు సంగతి జూన్‌లో తేల్చుకోవచ్చు, ఈ పని ఆగదు. ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డ్ చేయమనండి. ఆవిడ అలసిపోకుండా రోజుకి అరగంట, ఒక్కో రోజు ఒక్కో సంగతి. ఏ ఏడు అని అడగొద్దనండి, ముసలివాళ్లు ఏళ్లు అటూ ఇటూ చెబుతారు. పెళ్లికి ముందా తర్వాతా, పంట మీదున్నప్పుడా కోత అయ్యాకా అని అడగమనండి, ఏడు వాడే పుస్తకం చూసి పోల్చుకుంటాడు. విన్నది ఆవిడ మాటల్లోనే నోట్‌బుక్‌లో ఎక్కించి, పైన ఏ రోజు, ఏ ఊళ్లో, ఎవరు చెప్పారో రాసి పెట్టుకోమనండి.