కాశీలో వాన లేకపోయినా ఆగస్టులో గంగలో పడవలు ఎందుకు ఆపేస్తారు?

కాశీలో చినుకు పడకపోయినా ఎగువ నుంచి వచ్చే వరదతో గంగ పెరిగిపోతుంది, అందుకే పడవలు ఆపేస్తారు, ఆ రోజుల్లో ఘాట్ల దగ్గర నీళ్ళలోకి దిగడం కూడా నిజంగానే ప్రమాదం. ప్రయాగరాజ్ దగ్గర గంగలో కలిసే యమున, వచ్చేటప్పుడే చంబల్, బేత్వా, కెన్ నదుల నీళ్ళన్నీ మోసుకొస్తుంది, అంటే రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లో గట్టి వానలు పడితే ఆ వరద కొన్ని రోజులకి కాశీకి చేరుతుంది, అక్కడ ఎండ కాస్తున్నా సరే. మన భద్రాచలంలో గోదారి పెరిగినట్టే. కాశీలో ప్రమాద మట్టం 71.262 మీటర్లు, 1978లో అయితే 73.901 దాకా వెళ్ళింది.

ఉదాహరణకి దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి, వరద టైమ్‌లో మెట్ల మీద కాకుండా పక్క బిల్డింగ్ డాబా మీద ఇస్తారు, ఘాట్ నుంచి ఘాట్‌కి ఒడ్డున నడిచే దారి కూడా మునిగిపోతుంది, సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఇది ముందే చూసుకోవాలి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, మెట్లున్నాయి కదా, రెండు మెట్లు దిగి మునక వేస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. మునిగిన మెట్ల మీద బురద పేరుకుని బాగా జారుతుంది, మెట్టు ఎక్కడ అయిపోయి లోతు ఎక్కడ మొదలవుతుందో పైనుంచి కనపడదు, ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ వడికి కొట్టుకుపోతారు. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని తల మీద చల్లుకోండి, దయచేసి దిగకండి.