రోమాలు, జిప్సీలు, రోమన్లు

సందేహం: ఐరోపా వార్తల్లో ఒకచోట జిప్సీలు, ఇంకోచోట రోమాలు, మరోచోట రోమన్లు అని కనిపిస్తోంది. వీళ్లు రోము నగరం వాళ్లా? తెలుగులో ఏది రాయాలి? మన లంబాడీలను జిప్సీలు అనవచ్చా?

సమాధానం: రోమాలు శతాబ్దాల కిందట భారతదేశం వైపు నుంచి ఐరోపాకు వలస వెళ్లిన జాతి. రోము నగరంతో గానీ రొమేనియాతో గానీ 'రోమా' అనే పేరుకు చుట్టరికం లేదు. వాళ్ల భాష రోమానీ. అందులో 'రోమ్' అంటే తమ జాతి మగవాడు, భర్త అని కూడా. స్త్రీ 'రోమ్ని', బహువచనం 'రోమా'. ఈ మాటకు మూలం సంస్కృతంలోని 'డోంబ' అని భాషావేత్తలు తేల్చారు. పైపై పోలిక చూసి అన్నమాట కాదిది. పాత డకారం రోమానీలో రేఫగా మారడం వేరే మాటల్లోనూ ఉంది: 'అండం' అక్కడ 'అన్రో', రొట్టెకు చెప్పే 'మండకం' అక్కడ 'మన్రో'. అదే డోంబ శబ్దం పశ్చిమాసియా శాఖలో 'దోమ్', ఆర్మేనియా శాఖలో 'లోమ్' అయింది.

అంకెలు చూడండి. ఒకటి నుంచి ఆరు దాకా మన దేశపువే: ఏఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా, అచ్చంగా గ్రీకు. పది మళ్లీ 'దెష్'. గ్రీకు మాట్లాడే బైజాంటైన్ సామ్రాజ్యంలో (నేటి గ్రీసు, టర్కీ వైపు) వాళ్లు చాలాకాలం ఉన్నారనడానికి ఈ మూడంకెలు గట్టి సాక్ష్యం.

తక్కినవి ఎక్కువగా బయటివాళ్లు పెట్టిన పేర్లు. 15వ శతాబ్దం తొలినాళ్లలో పశ్చిమ ఐరోపా చేరిన గుంపులు 'చిన్న ఈజిప్టు' నుంచి వస్తున్న యాత్రికులమని చెప్పుకున్నాయి. ఆ 'ఈజిప్షియన్' అనే మాటే మొదలు తెగి ఇంగ్లీషులో జిప్సీ, స్పానిష్‌లో హితానో అయింది. బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) వైపు నుంచి వచ్చారని ఫ్రెంచివాళ్లు బొహెమియాఁ అన్నారు. జర్మన్ త్సిగోయ్‌నర్, ఇటాలియన్ జింగారో, టర్కీ చింగెనె మాత్రం గ్రీకు 'అత్సింగనోస్' నుంచి వచ్చాయి. దాని వెనక ఉన్నది 'అథింగనోయ్', అంటే ముట్టనివాళ్లు. అది చిన్నాసియాలోని (నేటి టర్కీ) ఒక మతశాఖ పేరు, వీళ్లకు తగిలించారు.

ఈ చివరి వరస పేర్లు వాళ్లను ఎందుకు నొప్పిస్తాయో తెలుసుకోవాలి. రొమేనియా ప్రాంతాల్లో 'త్సిగాన్' అంటే 19వ శతాబ్దం నడుమ దాకా బానిస అని కూడా అర్థం. నాజీలు 'త్సిగోయ్‌నర్' ముద్ర వేసే లక్షలమందిని చంపారు. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమానీ మహాసభ 'రోమా'నే తమ పేరుగా నిలబెట్టింది.

కాబట్టి తెలుగులో జాతికి రోమాలు, భాషకు రోమానీ అని రాయండి. రోమన్లంటే రోము వాళ్లు. రొమేనియన్ వేరే దేశపు భాష. జర్మనీ సంగతి రాసేటప్పుడు 'సింతీలు, రోమాలు' అని రెండూ చెప్పాలి, అక్కడ ఎప్పటినుంచో ఉన్న రోమానీ శాఖవాళ్లైన సింతీలు తమను విడిగా చెప్పుకుంటారు గనుక. బ్రిటన్‌లో తమను తామే జిప్సీలమనేవాళ్లు ఉన్నారు. వాళ్ల విషయంలో ఆ మాట ఉంచవచ్చు.

లంబాడీలను జిప్సీలనడం తప్పు. వాళ్ల గోర్ బోలీ రాజస్థానీకి దగ్గరిది. అదీ రోమానీ కూడా ఇండో-ఆర్య భాషలే, చుట్టరికం అంతవరకే. లంబాడీ, సుగాలీ, బంజారా అనే పేర్లు వాడుకలో ఉండగా అరువు పేరెందుకు? అలాగే, మన 'దొమ్మరి' డోంబ శబ్దానికి దగ్గరగా వినిపిస్తుంది కదా అని దొమ్మరులూ రోమాలూ ఒకటేనని రాసేయకండి. పేర్ల పోలిక ఒక్కటే జాతుల బంధుత్వానికి రుజువు కాదు.