దీపా, మోనితా: ఎవరు బాగా చేశారో తేల్చాలంటే ఏం చూడాలి?

విశాఖ ఎంవీపీ కాలనీలో మీ అపార్ట్‌మెంటు వాళ్ళంతా ‘కార్తీక దీపం’ సీరియల్ పాత ఎపిసోడ్లు మళ్ళీ పెట్టుకుని దీప జట్టు, మోనిత జట్టు అని రెండుగా చీలిపోయారని రాశారు. నటనలో ఎవరిది పైచేయో ఎలా తేల్చాలి, ఆ ఇంటి గొడవ అన్నేళ్ళు ఎందుకు తెగలేదు అని అడిగారు. నాటకాలకు ప్రాంప్టింగ్ చేసే అలవాటున్నవాళ్ళకి కొన్ని విషయాలు చటుక్కున కనబడతాయి. అవే చెబుతాను.

ముందు గొంతుని పక్కన పెట్టండి. భార్య దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ, ఆమె భర్త కార్తీక్‌ని ప్రేమించే విలన్ మోనితగా చేసిన శోభా శెట్టి కన్నడిగ. పరభాషా నటులకి డబ్బింగ్ వేరేవాళ్ళు చెప్పడం మన సీరియళ్ళలో మామూలే. ‘ఆ డైలాగు ఎంత బాగా చెప్పిందో’ అని మీరు మురిసిపోయినప్పుడు ఆ మెప్పులో సగం తెర మీద కనబడని మనిషికి చెందొచ్చు. కాబట్టి మూడు నాలుగు నిమిషాల సీను ఒకటి తీసుకుని మొదట సౌండు పూర్తిగా ఆపేసి చూడండి. తరవాత తెరకి వీపు పెట్టి వినండి. మొదటిసారి మీకు అర్థమైనంత మేరే నటిది. ఉరుము చప్పుళ్ళూ, మూడుసార్లు తిప్పి చూపించే జూములూ ఎడిటింగులోనూ ఆర్‌ఆర్‌లోనూ (నేపథ్య సంగీతం, చప్పుళ్ళు చేర్చే రీరికార్డింగ్) వచ్చి చేరినవి, వాటికి మార్కులు వేయకండి.

సెట్లో ప్రాంప్టింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. అసిస్టెంట్ డైరెక్టరు కెమెరా పక్కన నిలబడి డైలాగు పైకే చదువుతాడు, నటి విని అందుకుంటుంది. గొంతు ఎలాగూ తరవాత డబ్బింగులో పడుతుంది కనక ఆ చదివే చప్పుడుతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ముఖంలో తెలుస్తుంది. మాట మొదలయ్యే ముందు అర క్షణం కళ్ళు బిగుసుకుపోతాయి, ఎదుటి మనిషిని చూస్తున్నట్టే ఉంటాయి గానీ చెవి ఇంకెక్కడో ఉంటుంది. పొడుగు డైలాగయితే మూడు ముక్కలై, ఊపిరి తీసుకోకూడని చోట తీసుకుంటారు. మంచి నటులు ఆ సందుని ఖాళీగా వదలరు. కొంగు సర్దుకోవడమో, చేతిలో గిన్నె కింద పెట్టడమో, చూపు దించి మళ్ళీ ఎత్తడమో చేసి, విన్న మాట అప్పుడే మనసులో పుట్టినట్టు చేస్తారు. ఈ ఒక్క పరీక్షలో చాలామంది రాలిపోతారు.

ఇంకో మోసం కాంబినేషన్ దగ్గర ఉంటుంది. ఇద్దరు నటుల డేట్లు కలవనప్పుడు ఒకరి క్లోజప్పులు ఒకరోజు, రెండోవాళ్ళవి మరోరోజు తీసేస్తారు. ‘దీప వైపు మోనిత ఎంత కసిగా చూసిందో’ అంటాం, ఆ చూపు పడింది దీప మీద కాక ఒక లైటు స్టాండు మీద కావచ్చు. అది నటికి కష్టమే, కాదనను. కానీ ఇద్దరి నటననీ పోల్చాలంటే ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో ఉన్న షాట్లే తీసుకోవాలి. ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపించే సజెషన్ షాట్లయినా పరవాలేదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు నిజంగా వింటున్నారా, తమ వంతు కోసం కాచుకుని నిలబడ్డారా అన్నది అక్కడ దాగదు.

కన్నీళ్ళకి మార్కులు వేయొద్దు. గ్లిజరిన్ రాస్తే ఎవరికైనా వస్తాయి. ఏడుపు నిజమైతే కన్నీటికంటే ముందు గొంతు దగ్గర కండరం కదులుతుంది, ముక్కు చివర ఎర్రబడుతుంది, గడ్డం వణుకుతుంది. బుగ్గ మీద నీటి చార ఉండి నుదురు నున్నగా ఉంటే ఆ ఏడుపు సీసాలోది.

ఇక దీప పాత్రకి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. ప్రేమి విశ్వనాథ్ స్వతహాగా చామనఛాయ కూడా కాదు, ముదురు రంగు మేకప్ వేసి దీపని చేశారు. అలాంటి మేకప్ ముఖానికి వేస్తే చాలదు, మెడ, చెవి తమ్మెలు, వేళ్ళ కణుపులు అన్నీ ఒకే ఛాయలో రావాలి. లైట్ల వేడికి చెమట పట్టి చెదిరితే రెండు షాట్ల మధ్య రంగు మారిపోతుంది. దాంతో నటి ముఖం తుడుచుకోవడానికీ, బుగ్గ మీద చెయ్యి ఆనించడానికీ జంకుతుంది, చేతులు నడుం దగ్గరే ఆగిపోతాయి. పైగా ఆవిడ వంటలక్క. వంటే వృత్తి అయిన మనిషి కత్తిపీట ముందు కూర్చుంటే కూర మీద చూపు పెట్టక్కర్లేదు, మాట్లాడుతూనే ముక్కలు సమానంగా పడాలి. వంటింటి సీన్లలో డైలాగు మొదలవగానే చేతి పని ఆగిపోతోందా, సాగుతోందా అన్నది గమనించండి. ఆగిపోతే అక్కడ పాత్ర పోయి నటి మిగిలిందన్నమాట. ఇదే పాత్రని ఆవిడ మలయాళ మాతృక ‘కరుత్తముత్తు’లో ముందే చేసి వచ్చారు కాబట్టి దీప నడకలో, చూపులో తడబాటు తక్కువ.

మోనితకి రాసిన పాత్ర వేరు. ఎత్తులు వేసేదీ, కథని ముందుకి తోసేదీ ఆవిడే. చేసే పని ఎప్పుడూ చేతినిండా ఉంటుంది కాబట్టి ఆ పాత్ర కళ్ళకి ఇట్టే ఆనుతుంది. శోభా శెట్టి బలం ఆ ఎత్తుల్లో కన్నా, డాక్టర్ బాబు కార్తీక్ తనని నమ్మిన క్షణంలో ముఖం మీద పాకే వెలుగులో ఉంది. గెలిచానన్న పొగరు కాదది, నిజంగా ప్రేమిస్తున్న మనిషి సంతోషం. విలన్‌కి ఆ ముక్క లేకపోతే పాత్ర బొమ్మయిపోతుంది. నా లెక్కలో రియాక్షన్లలో దీపదే పైచేయి, ఎదురెదురు సీన్లలో మోనితది. అయితే ఇద్దరికంటే ఎక్కువ మార్కులు సౌందర్యకే వేస్తాను. నల్లగా ఉందని కోడల్ని మొదట ఈసడించిన అత్తగారు తరవాత ఆ కోడలి పక్షానే కొడుకుతో పోట్లాడాలి, కొడుకుని మాత్రం వదులుకోకూడదు. ఒకే సీనులో ఆ రెండింటినీ మోయాలి. అర్చన అనంత్ దాన్ని గొంతు పెంచకుండా, ఎక్కువగా నిలబడే తీరుతో మోశారు. మీ రెండు జట్లూ ఆవిడ సంగతి మరిచిపోయినట్టున్నాయి!

గొడవ ఎందుకు తెగలేదన్నదానికి జవాబు రాతలో ఉంది. తనకి పిల్లలు పుట్టరన్న ఒక తప్పుడు రిపోర్టు నమ్మి కార్తీక్ భార్యని అనుమానించాడు. ముడి అదొక్కటే. 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసిన కథలో చాలా భాగం దాని మీదే నిలిచింది. వైరం నిలబడాలంటే రెండు కావాలి. పోయేదేంటో ఇద్దరికీ తెలిసుండాలి, నిజం చెప్పకుండా ఆపే కారణం గట్టిగా ఉండాలి. మొదట్లో ఈ రెండూ ఉన్నాయి: ఆత్మాభిమానం దీపని ఆపింది, అహం కార్తీక్‌ని ఆపింది. పిల్లలు శౌర్య, హిమ చెరో దగ్గర పెరగడంతో పోయేదేంటో కూడా కళ్ళెదుటే ఉంది. తరవాత్తరవాత కారణం పలచబడింది, గొడవ మాత్రం అలాగే ఉండిపోయింది. ‘ఆయన స్వయంగా గుండె డాక్టరు, డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేయించడు?’ అని రాష్ట్రమంతా అడిగింది అందుకే. అలాంటి విషయాన్ని ఏ డాక్టరూ ఒక్క రిపోర్టుతో తేల్చడు, మళ్ళీ చేయిస్తాడు. ఆ ప్రశ్న ప్రేక్షకుడి నోట వచ్చిన రోజు నుంచి నటులు ఎంత చేసినా సీను తేలిపోతుంది. కాబట్టి కథ సాగదీసిన నెలల్లో కార్తీక్‌గా చేసిన నిరుపమ్ పరిటాల నటన చప్పగా ఉందని ఆయన్ని అనకండి. కారణం లేని మొండితనాన్ని ఏ నటుడూ నమ్మించలేడు.

సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో అరగంట నింపాలి. నిబంధన ప్రకారం ప్రకటనలకి గంటలో 12 నిమిషాలు దాటకూడదు, అంటే అరగంటలో ఆరు. నిన్నటి కథ, రేపటి కథ ముక్కలు కూడా తీసేస్తే మిగిలేది ఇరవై చిల్లర నిమిషాలు. అందులో ముందుకి కదిలే సీనొకటి ఉంటే, మిగతావి ఆ సీనుకి ఇంట్లో అందరి ముఖాలూ. అందుకని మీ పోలికకి శనివారం ఎపిసోడ్లు వద్దు. మర్నాడు ఆదివారం సెలవు కనక చివరి షాటుని ఊరించి మరీ ఆపుతారు. మంగళ, బుధవారాలవి తీసుకోండి, నటులు ఊపిరి పీల్చుకుని చేసేది ఆ మధ్య రోజుల్లోనే.

మన విశాఖవాళ్ళు పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏ సీరియల్లోనైనా పనిమనిషికో, నవ్వించే పాత్రకో ఉత్తరాంధ్ర యాస పెడితే, అది నటన లోపమా డబ్బింగ్ లోపమా అని విడదీసి చూడండి. మాట మొదట్లో ఒక ‘ఏటి’ తగిలించి మిగతాదంతా పుస్తకంలా చదివేస్తే అది డబ్బింగ్ థియేటర్లో జరిగిన నిర్లక్ష్యం. తెర మీది మనిషి పెదాలు, భుజాలు సరిగ్గానే ఉండొచ్చు. గాజువాకలోనో భీమిలిలోనో ఏ వీధిలో విన్నా ఆ యాస సాగదీత మాట చివర్న ఉంటుంది. దాన్ని నవ్వులాటకి వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది, పౌరుషమున్న అత్తగారికి ఆ యాస పెట్టి చూస్తే తెలుస్తుంది దాని బలం.

2024లో వచ్చిన రెండో ‘కార్తీక దీపం’లో జంట పాతదే అయినా కథ కొత్తది. ఆ దీపని ఈ దీపతో పోల్చి మార్కులు కలిపేయకండి, మీ వాదన మళ్ళీ మొదటికొస్తుంది.