రిపోర్ట్ వచ్చేదాకా ఎలా గడపాలి? రెండుసార్లు ఎదురుచూసిన నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిన మూడేళ్ళకు చంకలో గడ్డ తగిలిందనీ, గురువారం పెట్ సీటీ (క్యాన్సర్ ఎక్కడైనా ఉందేమో ఒళ్ళంతా చూసే స్కాన్) ఉందనీ, అప్పటిదాకా ఎలా గడపాలో తెలియడం లేదనీ మీరు రాశారు. ముందు నేను చేసిన పిచ్చి పని చెప్తాను.

నాకు 2017లో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. 2019లో కాలర్ ఎముక పైన చింతగింజంత బిళ్ళ కట్టింది. ఇక దాన్ని నొక్కి చూసుకోవడమే పని. నేను టీచర్ని. బోర్డు మీద రాస్తూ, పైట సర్దుకుంటున్నట్టుగా ఎడమ చేత్తో నొక్కేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడంతా కందిపోయింది. నొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే నిజం చెప్పక తప్పలేదు. "మీరు నొక్కడం మానేస్తే సగం నొప్పి పోతుందమ్మా" అన్నారాయన. ఆ తర్వాత రోజుకి ఒక్కసారే, పొద్దున స్నానం చేసేటప్పుడు చూసుకోవాలని పెట్టుకున్నాను. మొదటి రెండు రోజులు చెయ్యి ఊరుకోలేదు.

అప్పుడు జబ్బు తిరగబెట్టిందనే నా మనసు గట్టిగా చెప్పింది. బీరువా తాళాలు ఎక్కడుంటాయో మా అమ్మాయికి చూపించేశాను కూడా. ముక్క తీసి పంపితే క్షయ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగాను, పోయింది. 2023లో నడుము నొప్పి వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చోవడం వల్లే అనుకుని, స్కాన్‌కి నవ్వుతూ వెళ్ళాను. ఈసారి నిజంగానే వెన్నెముకకు వచ్చింది. రెండుసార్లూ నా మనసు చెప్పింది తప్పే. అందుకే "నాకు లోపల తెలిసిపోతోంది" అని మీకు అనిపిస్తుంటే, ఆ మాటను రిపోర్ట్ కింద లెక్కేయకండి.

అసలు కష్టం స్కాన్‌కీ డాక్టరు మాటకీ మధ్య ఉంటుంది. 2019లో స్కాన్ సెంటర్ వాళ్ళు శనివారం సాయంత్రం ఫోన్‌కి లింక్ పంపించారు. డాక్టరు సోమవారం గానీ దొరకరు. నేనూ మావారూ ఆ రాత్రంతా ఒక్కో ఇంగ్లిష్ మాటా గూగుల్‌లో వెతుక్కుంటూ కూర్చున్నాం. 'ఎఫ్‌డీజీ అవిడ్' (స్కాన్‌కి ఎక్కించే మందును బాగా పీల్చుకుందని) అని ఉంటే చాలు, అయిపోయిందనుకున్నాం. ఎస్‌యూవీ (ఆ మందును ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) ఇంత అని ఉంటే, "కారు సంగతి ఇక్కడెందుకు?" అన్నారు మావారు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. సోమవారం డాక్టరు చెప్పిందేమిటంటే, ఎక్కించే మందు చక్కెర లాంటిది, ఎక్కువ చక్కెర వాడుకునే చోటల్లా స్కాన్‌లో వెలుగుతుంది. క్యాన్సరైనా వెలుగుతుంది, క్షయైనా, మామూలు ఇన్‌ఫెక్షనైనా వెలుగుతుంది. అందుకే అనుమానం ఉన్నచోట ముక్క తీసి చూస్తారు. అంటే స్కాన్‌తోనే మీ ఎదురుచూపు అయిపోకపోవచ్చు. బయాప్సీ (ముక్క తీసి చూడటం), ఆపైన ఐహెచ్‌సీ (ఆ ముక్కలో క్యాన్సర్ ఏ రకమో చూసే పరీక్ష) అంటే ఇంకొన్ని రోజులు పడుతుంది. ఇది ముందే తెలిసి ఉంటే గురువారం సాయంత్రానికే అన్నీ తేలాలని మనసు పట్టుబట్టదు.

కాబట్టి రిపోర్ట్ ఏ రోజు వస్తుంది, ఎవరు వివరిస్తారు అని ఇప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. వీలైతే స్కాన్ మర్నాటికే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. రెండోసారి నేను లింక్ మా ఆడపడుచు నంబరుకి పంపమన్నాను, డాక్టరు గదిలోకి వెళ్ళేదాకా తెరవద్దని తనతో ఒట్టు వేయించుకున్నాను. చుట్టాల ఫోన్లన్నీ కూడా తనకే అప్పజెప్పాను. "ఏం కాదులే, పాజిటివ్‌గా ఆలోచించు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళ తప్పేం లేదు, కానీ ఆ రోజుల్లో జవాబు చెప్పే ఓపిక ఉండదు.

ధ్యానం నాకు పడలేదు, కళ్ళు మూసుకుంటే భయం ఇంకా పెరిగేది. చేతులకు పనుంటే నయంగా ఉండేది. మూడు కట్టల గోంగూర తెప్పించుకుని, వాకిట్లో కూర్చుని ఒక్కో కాడా వలిచేదాన్ని. రాత్రి రెండింటికి గోంగూర ఎవరు వలుస్తారు? రాత్రుళ్ళే కష్టం. ఒకసారి 14416కి, అదే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేమీ పడవు. వరసగా నిద్ర లేకపోతే మీ డాక్టరుకి చెప్పండి, అదీ ఆయన చూడాల్సిన విషయమే.

తేలింది చెడైతే ఎలా అని మీ భయం కదా. నాకు అలాగే తేలింది. ఇప్పుడు 21 రోజులు రైబోసిక్లిబ్ అనే క్యాన్సర్ మాత్ర వేసుకుని 7 రోజులు ఆపుతాను, లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర మాత్రం రోజూ ఉంటుంది. బడికి వెళ్తున్నాను. అందరికీ ఇదే మందు పనిచేస్తుందని కాదు. గడ్డ స్వభావాన్ని బట్టి ఇస్తారు, అందుకే ముక్క పరీక్ష మళ్ళీ చేయించారు.

ఇక గురువారం సంగతి. దాదాపు ఆరు గంటలు ఏమీ తినకూడదు, నీళ్ళు తాగొచ్చు. షుగర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మందు ఎక్కించాక గంటసేపు మసక గదిలో మాట్లాడకుండా పడుకోమంటారు, ఫోన్ కూడా ఇవ్వరు. ఆ గంటే నాకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపించింది. ఏసీ చలి ఎక్కువ, సాక్సులు వేసుకెళ్ళండి. ఇంటికొచ్చాక చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ ఎంతసేపు దూరంగా ఉంచాలో అక్కడే అడగండి. మా మేనకోడలికి అప్పుడు నాలుగేళ్ళు, "అత్తా" అంటూ పరిగెత్తుకొచ్చింది. రాత్రిదాకా తలుపు సందులోంచే కబుర్లు చెప్పుకున్నాం.